చప్పల్ బజార్‌లో ఆగిన కలం

ఉప్పల్ చౌరస్తా నుంచి ఒక దారి రామంతాపూర్, అంబర్‌పేటల మీదుగా కాచిగూడకు పోతుంది. ఇంకోటి ఘట్‌కేసర్ దాటి బీబీనగర్‌కు, వరంగల్‌కు. పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను చంపింది కాచిగూడ కొసన.

ఆయన నాచారం అవతల, తార్నాక దాటాక ఉండే ఉస్మానియాలో చదివాడు. డిగ్రీ చేతికొచ్చిన ముస్లిం కుర్రాడికి నిజాం సర్కారులో కొలువు దొరకడం కష్టమేమీ కాదు. ఆయన పత్రికలో చేరాడు. ఆయన పనిచేసిన, మందుముల నర్సింగరావు నడిపిన ‘రయ్యత్’ను సర్కారు మూయించింది. అయినా ఊరుకోలేదు. బూర్గుల రామకృష్ణారావు అండతో, ఇంట్లో ఉన్న నగలు కూడా అమ్మి, 1947 నవంబరులో కాచిగూడలో ‘ఇమ్రోజ్’ పత్రిక పెట్టాడు. అదీ ఉర్దూలోనే. నిజాం పక్షాన నిలిచిన రజాకార్లు ఎవరి పేరు చెప్పుకుని ఊళ్ల మీద పడుతున్నారో వాళ్లే చదివే భాష అది. రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీకి అసలు కంటగింపు అక్కడే అనుకుంటాను. పరాయివాడు తిడితే శత్రువని కొట్టిపారేయొచ్చు. తనవాడే నిలదీస్తే ఏమని చెప్పుకోవాలి?

1948 ఆగస్టులో, హైదరాబాద్ భారత్‌లో కలవాలంటూ ఏడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను ‘ఇమ్రోజ్’ అచ్చేసింది. ఇలాంటి రాతలు రాసే చేతులు మిగలవని రజ్వీ సభలో బెదిరించాడు. పత్రిక నోరు మూయించాలనుకున్న దక్షిణాఫ్రికా వర్ణవివక్ష సర్కారు 1977లో ‘ది వరల్డ్’ దినపత్రికను నిషేధించి, ఎడిటర్ పెర్సీ కొబోజాను జైల్లో పెట్టింది. ఇక్కడ ‘ఇమ్రోజ్’ మీద ఆ మాత్రం ఉత్తర్వు కూడా రాయలేదు. ఆగస్టు 21 అర్ధరాత్రి, పత్రిక పని ముగించుకుని బావమరిది ఇస్మాయిల్‌తో ఇంటికి నడుస్తుంటే చప్పల్ బజార్ దగ్గర వెనకనుంచి కాల్చారు. చెయ్యి నరికారు. అడ్డుపడిన ఇస్మాయిల్ చేతినీ వదల్లేదు. తెల్లారకముందే షోయబ్ ప్రాణం పోయింది. 28 ఏళ్లు నిండలేదు. ‘ఇమ్రోజ్’కు ఏడాదైనా నిండలేదు.

సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. మధ్యలో ఉన్నవి 27 రోజులు. ఆ 27 రోజులు ఆగితే బతికేవాడే కదా అని అనిపించక మానదు. కానీ అలా ఆగేవాడైతే ‘రయ్యత్’ మూతపడ్డనాడే ఆగేవాడు.

రజ్వీని పట్టుకున్నారు, విచారించారు. ఆయన జైల్లో గడిపింది మాత్రం ఈ హత్యకు కాదు, బీబీనగర్ దోపిడీ కేసులో పడిన శిక్షకు. 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు.