పాలపన్నులో దాగిన ప్రాణం



చిన్నప్పుడు పాలపన్ను ఊడితే మీరేం చేసేవారో గుర్తుందా? మా విజయనగరం పల్లెల్లో దాన్ని పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదకి విసిరేవాళ్ళం. అలా చేస్తే కొత్తపన్ను చక్కగా వస్తుందని నమ్మకం. శ్రీకాకుళంలో ఉండే మా పెద్దమ్మని, "నీ పళ్ళు కూడా మళ్ళీ వస్తాయా?" అని అడిగితే, "ఒలమ్మా! ఆ వరం ఒక్కసారేనే!" అని బోసినోటితో నవ్వేది.

ఆవిడ మాట చాలావరకు నిజమే. ఎముక విరిగితే అతుక్కుంటుంది. పంటిమీది పింగాణీ పొర అరిగితే తిరిగి రాదు. దాన్ని తయారుచేసే కణాలు, పన్ను చిగురు దాటి బయటపడేసరికే నశిస్తాయి. లోపలి గుజ్జు సంగతి వేరు. 2000లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు జ్ఞానదంతాల గుజ్జులో మూలకణాలున్నాయని కనిపెట్టారు. వీటినే స్టెమ్ సెల్స్ అంటారు. మనం గిన్నెలో మిగుల్చుకునే తోడులాంటివన్నమాట! తాము మిగులుతూనే కొత్తకణాలను పుట్టిస్తాయి.

ఆ బృందంలోని సాంగ్‌టావో షీ పిల్లల దంతవైద్యుడు. ఆయన తన ఆరేళ్ళ కూతురికి ఊడిన పన్నులో ఎర్రటి గుజ్జు మిగిలి ఉండడం గమనించాడు. పాలపళ్ళలోనూ మూలకణాలున్నాయని 2003లో ఆయన బృందం ప్రకటించింది. 2018లో చైనా వైద్యులు మరో అడుగు వేశారు. దెబ్బ తగిలి ముందుపన్ను గుజ్జు చచ్చిపోయిన పిల్లలకు, వాళ్ళ పాలపంటి మూలకణాలనే పెంచి ఆ పన్నులో అమర్చారు. ఏడాది తిరిగేసరికి రక్తనాళాలతో, నరాలతో గుజ్జు మళ్ళీ పెరిగింది.

"అయితే మా బాబు పన్ను డబ్బు కట్టి దాచమంటారా?" అంటారేమో. తొందరపడకండి. సొమ్ము తీసుకుని పళ్ళను అలా భద్రపరచడానికి శాస్త్రీయమైన ఆధారం లేదనీ, బొడ్డుతాడు రక్తం దాచడానికి మాత్రమే అనుమతి ఉందనీ భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాల్లో చెప్పింది. పూర్తి పన్నును మొలిపించడం ఇంకా ప్రయోగాల దశలోనే ఉంది.

మరి మనం చేయగలిగిందేమిటి? "ఊడిపోయే పళ్ళేగా!" అని పిల్లల పుచ్చుపళ్ళను వదిలేయకపోవడం. పుచ్చు గుజ్జుదాకా పోతే ఆ ప్రాణమున్న కణాలూ పాడవుతాయి. పైగా పాలపన్ను ముందే పోతే పక్కపళ్ళు వాలి, వచ్చే పన్నుకు చోటుండదు. రాత్రి పడుకోబోయేముందు పిల్లలచేత పళ్ళు తోమించండి. ఊడిన పన్నును ఇంటికప్పు మీదకే విసరండి, ఆ సరదా మాత్రం ఎందుకు పోగొట్టుకోవాలి?