బందరు నుండి కొండకు

కృష్ణా డెల్టాలో పుట్టిన పిల్లవానికి మొదట పరిచయమగు రాయి వంటయింటిలోని సన్నికల్లు. తరువాత వసారాలోని రోలు, తిరగలి, ఊరి చెరువులో చాకిరేవు బండ. ఇవి విడిచినచో దివిసీమలో మైళ్లకొలది నడచినను కాలికి గట్టి రాయి తగలదు. బావి త్రవ్వినచో నల్లని బంకమన్ను, దాని క్రింద ఇసుక, మరల బంకమన్ను. కృష్ణ సుమారు 1,400 కిలోమీటర్ల దూరము ప్రవహించి వచ్చుచున్నది. బరువైన రాళ్లను దారిలోనే విడిచి, తేలికైన ఒండ్రును మాత్రమే ఇంతదూరము మోసికొని వచ్చినది. కనుక మన ఇండ్లలోని ప్రతి రోలును ఎవరో ఒకరు కొండల నుండి బండి మీదనో, పడవ మీదనో తెచ్చినదే.

ఆ కొండలు ఎంత దూరము? మచిలీపట్టణము నుండి విజయవాడకు, కాకి ఎగిరినట్లు కొలిచినచో, సుమారు 65 కిలోమీటర్లు. ఇంత చదునైన నేలమీద కొండ ఎందుకు కనబడదని విద్యార్థులు అడుగుదురు. భూమి గుండ్రముగా ఉండుటయే కారణము. దీనికి ఒక సులభమైన లెక్క కలదు. ఎత్తును మీటర్లలో తీసికొని, దాని వర్గమూలమును 3.57తో హెచ్చవేసినచో, అంత ఎత్తు నుండి కనబడు దిగంతము ఎన్ని కిలోమీటర్లో తెలియును. లెక్కకు కొండ ఎత్తు 200 మీటర్లనుకొందము. దాని శిఖరము నుండి దిగంతము 50 కిలోమీటర్లు. నేలమీద నిలిచిన మనిషి కంటికి మరి నాలుగున్నర. రెండును కలిపి 55. కనుక బందరులో నిలిచినవానికి ఆ కొండ దిగంతము క్రింద దాగియుండును. 20 మీటర్ల తాడిచెట్టు మీద కల్లుగీయువానికి మాత్రము 66 కిలోమీటర్ల వరకు చూపు పోవలెను. శిఖరపు కొన అందీ అందనట్లుండును. గాలిలోని తేమయు, ధూళియు ఈ లెక్కను చాలావరకు సాగనీయవు గాని, లెక్క లెక్కయే. గుడివాడ విజయవాడకు 40 కిలోమీటర్లు. అక్కడి నుండి వర్షము వెలిసిన ఉదయమున చూచినచో కొండ పైసగము కనబడుటకు అవకాశమున్నది, క్రింది సగము భూమి వంపు చాటున ఉండును. రైలులో పోవు పిల్లలచేత ఈ లెక్క చేయించుట మంచిది. గుడివాడ దాటిన తరువాత కొండ నేలలో నుండి మొలచినట్లు పైకి లేచును.

కొండకును సముద్రతీరమునకును రాకపోకలు చాల ప్రాచీనమైనవి. దివిసీమకు వాయవ్యమున నున్న ఘంటసాలను టాలమీ తన భూగోళ గ్రంథములో ఒక వర్తక స్థలముగా పేర్కొన్నాడు. ప్రాకృత శాసనములలో దాని పేరు కంటకసేల. నాగార్జునకొండలో దొరికిన ఒక శాసనము ఇక్కడ చెప్పదగినది. క్రీ.శ. 3వ శతాబ్దములో ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని కాలమున బోధిసిరి అను ఉపాసిక తాను చేసిన దానములన్నింటిని అందులో చెక్కించినది. వాటిలో ఒకటి, కంటకసేలలోని మహాచైత్యపు తూర్పు ద్వారము చెంత కట్టించిన రాతిమండపము. రాతిమండపము అని ప్రత్యేకముగా చెప్పుటలో అర్థమున్నది. రాయి లేని సీమలో రాతిమండపమనగా సామాన్యమైన దానము కాదు. ఘంటసాల, గుడివాడ, భట్టిప్రోలు స్తూపములను గురించి అలెగ్జాండర్ రే వ్రాసిన గ్రంథము 1894లో వెలువడినది. కృష్ణాతీరపు స్తూపములకు వాడిన తెల్లని సున్నపురాయి పల్నాటి ప్రాంతపుది. ఆ బరువును మోసినది నదియే అయియుండవలెను.

7వ శతాబ్దములో చైనా యాత్రికుడైన హ్యూన్‌త్సాంగ్ వేంగి మీదుగా ధాన్యకటక దేశమునకు వచ్చి, రాజధానికి తూర్పున ఒక కొండమీద, పడమట ఒక కొండమీద రెండు సంఘారామములున్నట్లు వ్రాసినాడు. ఆ రాజధాని బెజవాడయే అని ఫెర్గూసన్ వాదించినాడు. ధరణికోట అని మరికొందరు. ఈ వివాదము నేటికిని పూర్తిగా తెగలేదు. బెజవాడ కొండల నడుమ నిలిచి చూచినవానికి ఫెర్గూసన్ మాట నమ్మవలెననిపించును. కాని అనిపించుట వేరు, ఋజువు వేరు.

బందరు నుండి కొండలకు పోయి, చూచినదంతయు వ్రాసిపెట్టిన వారిలో విలియం మెత్‌వోల్డ్ ముఖ్యుడు. ఇతడు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా 1618 నుండి 1622 వరకు మచిలీపట్టణములో ఉన్నాడు. కొత్తగా బయటపడిన వజ్రపు గనిని గురించి విని, డచ్చి వర్తకుల పెద్దతో కలిసి దానిని చూడబోయినాడు. వారు పోయిన స్థలము పల్నాటి అంచున కృష్ణ ఒడ్డునున్న కొల్లూరు. బంజరు నేలల మీదుగా, కొండదారుల వెంట నాలుగు రోజుల ప్రయాణము, వారి అంచనాలో 108 ఇంగ్లీషు మైళ్లు. నేటి కొలతలో అది సుమారు 174 కిలోమీటర్లు. దేశపటము మీద తిన్నగా కొలిచినచో బందరుకు కొల్లూరు 135 కిలోమీటర్లుండును. మలుపుల దారిని మనసులో పెట్టుకొన్నచో మెత్‌వోల్డ్ అంచనా చాల నమ్మదగినదే.

ఒక పెద్ద కొండ పాదమున, నదికి దగ్గరగా, ముప్పదివేల మంది పనిచేయుచుండుట చూచినట్లు అతడు వ్రాసినాడు. కొందరు త్రవ్వువారు, కొందరు తట్టలతో మన్ను మోయువారు, కొందరు గోతులలో ఊరిన నీటిని కుండలతో చేతికి చేయి అందించుచు తోడిపోయువారు. ఆ మట్టిని చదునుచేసిన నేలపై ఎండబెట్టి, గడ్డలు చిదిపి, రాళ్లను వెదకెడివారు. పది కేరెట్లకు మించిన రాయి రాజుగారికి చెందవలెనని నియమము. గనిని చూపించిన దారికాండ్ర పేర్లు గాని, నీరు తోడిన ముప్పదివేల మందిలో ఒక్కరి పేరు గాని మనకు మిగులలేదు. మొగలు చక్రవర్తులకు, యూరపు రాజులకు పోయిన రాళ్ల పేర్లు మాత్రము బడిపిల్లలకు సైతము తెలియును. కొల్లూరు నేడు పులిచింతల జలాశయములో మునిగియున్నది. ఆ ప్రాజెక్టు 2013లో ప్రారంభమైనది. మెత్‌వోల్డ్ చూచిన గోతులను ఇక ఎవ్వరును చూడజాలరు.

కొల్లూరుకంటె దగ్గరలో, నూజివీడు ప్రక్కన గొల్లపల్లిలోను, మల్లవల్లిలోను వజ్రపు గోతులుండెడివి. మద్రాసు కోట గవర్నరు స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ 1679లో బందరు వైపు వచ్చినపుడు వాటిని చూచి తన దినచర్యలో వ్రాసికొన్నాడు. చిత్రమేమనగా, అదే గొల్లపల్లి తరువాతి కాలమున భూగర్భశాస్త్రములో మరియొక కారణముచేత పేరు పొందినది. అక్కడి ఇసుకరాతిలో ప్రాచీన వృక్షముల ఆకులు శిలాజములై దొరకినవి. ఆ ఇసుకరాతికి గొల్లపల్లి పేరే ఉన్నది. వజ్రము కోసము పోయిన మాస్టరు ఆకుల అచ్చులను చూచెనో లేదో తెలియదు. చూచినను వాటి వయస్సు చెప్పగల శాస్త్రము ఆనాటికి పుట్టలేదు.

కొండ ఒక్క రోజు ప్రయాణమగుటకు రెండు మార్పులు రావలసియుండెను. మొదటిది కాలువ. 1833 నాటి గుంటూరు కరవులో లెక్కలేనంత మంది చనిపోయిన తరువాత, కృష్ణకు ఆనకట్ట కట్టవలెనను ఆలోచన బలపడినది. ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ నది ఇరుకున పడుచున్నది. అక్కడ 1852 నుండి 1855 వరకు, సర్ ఆర్థర్ కాటన్ పథకములలో భాగముగా, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో ఆనకట్ట నిర్మాణము జరిగినది. ఒడ్డుననే కొండలుండుట వలన రాతికి కొరత లేకపోయినది. డెల్టాకు నీరు ఇచ్చినది నదియేగాని, ఆ నీటిని నిలబెట్టినది కొండ. 1952లో ఈ ఆనకట్ట తెగినది. దాని బదులు కట్టిన ప్రకాశం బరాజు 1957లో పూర్తియైనది. బరాజు వద్ద నిండు నీటిమట్టము సముద్రముకంటె 57 అడుగులు, అనగా పదిహేడున్నర మీటర్లకు కొంచెము తక్కువ, ఎత్తున ఉండును. 65 కిలోమీటర్లకు పదిహేడు మీటర్ల వాలు! కిలోమీటరుకు ఒక జానెడు చిల్లర. ఇంత స్వల్పమైన వాలుతో నీరు బందరు దాకా నడచుచున్నది. ఆ కాలువలలోనే పడవలును నడచినవి. దిగువకు రావడము సులభము. ఎగువకు పోవునపుడు మనుషులు గట్టు వెంట నడచుచు త్రాటితో పడవను లాగెడివారు. ప్రయాణికులు రాత్రి పడవ ఎక్కి నిద్రపోయెడివారు.

రెండవది రైలు. 1908లో బెజవాడ, మచిలీపట్టణముల నడుమ గుడివాడ మీదుగా రైలుమార్గము వచ్చినది. నాటి నుండి తెల్లవారి బయలుదేరి, కొండ ఎక్కి దిగి, రాత్రికి ఇల్లు చేరుట సాధ్యమైనది. మెత్‌వోల్డుకు నాలుగు రోజులు పట్టిన దూరములో సగమునకు మూడు నాలుగు గంటలు చాలినవి. ఉన్నత పాఠశాలల వారు పిల్లలను విహారయాత్రకు తీసికొనిపోవుట కూడ దీనితోనే వీలైనది.

నేను అట్టి యాత్రకు పోయినది 1961లో. మాది దివిసీమలో సముద్రము దగ్గరి పల్లె. బందరులో బంధువుల ఇంట ఉండి చదువుకొనుచుంటిని. సాంఘికశాస్త్రపు మాస్టారు ముప్పదిమందిమి పిల్లలను వెంటబెట్టుకొని, పులిహోర బుట్టలు రెండు ఎత్తించి, మొదటి బండి ఎక్కించినారు. బెజవాడలో దిగి, బరాజు మీదుగా నడచి, సీతానగరము, ఉండవల్లి గుహలు చూచుట ఆనాటి కార్యక్రమము. మాలో సగము మందికి కొండను దగ్గరగా చూచుట అదే మొదలు.

సీతానగరపు కొండ క్రింద నిలిచి తలయెత్తి, "మాస్టారూ, దీనిని ఎవరు పోసినారండీ?" అని నేను అడిగినాను. తోటివారు పకపక నవ్వినారు. మాస్టారు నవ్వలేదు. మా సీమలో ఎత్తుగా కనబడునదెల్లను మనుషులు పోసినదే. కాలువగట్టు, ఊరిదిబ్బ, గడ్డివామి. ఆయన కొంచెము సేపు ఆలోచించి, "పోసినది కాదురా, మిగిలినది" అన్నారు. చుట్టునున్న నేల అంతయు వానకు, గాలికి అరిగిపోగా, గట్టిగా ఉన్నది నిలిచినదని వివరించినారు.

ఆ మాట శాస్త్రసమ్మతమైనదే. బెజవాడ కొండలు తూర్పు కనుమల తునకలు. వాటిలో విశేషముగా కనబడు రాతికి ఖోండలైటు అని పేరు, ఒరిస్సా కొండలలోని ఖోండు జాతివారిని బట్టి వచ్చినది. చేతిలోకి తీసికొని చూచినచో ఎర్రని చిన్న చిన్న గార్నెట్టు గింజలు కనబడును. ఈ రాయి మొదట రాయి కాదు. సముద్రము అడుగున పేరుకొన్న బంకమన్ను, ఇసుక భూమి లోతులకు దిగి, 700, 800 డిగ్రీల వేడిలో ఉడికి, ఇట్లు మారినది. ఇది జరిగి సుమారు 160 కోట్ల సంవత్సరములని శాస్త్రజ్ఞుల అంచనా. అనగా కొండ కూడ ఒకప్పటి బురదయే. మాస్టారు దీనిని చెప్పలేదు. చెప్పినను మేము నమ్మియుండము.

ఇక్కడ ఒక పొరపాటును సరిదిద్దవలెను. మన డెల్టా ఈ బెజవాడ కొండలు అరిగి ఏర్పడినదని కొందరు అనుకొందురు. కాదు. నల్లరేగడిలో అధికభాగము ఎగువన దక్కను పీఠభూమిలోని నల్లరాయి అరుగగా వచ్చినది. బెజవాడ కొండలు ఆ మట్టి దాటి వచ్చిన ద్వారము మాత్రమే. శ్రీశైలము, నాగార్జునసాగరము వంటి జలాశయములు కట్టిన తరువాత ఆ మట్టిలో చాలభాగము ఎగువనే నిలిచిపోవుచున్నది. ఒండ్రు తగ్గుటచేత డెల్టా తీరములో కొన్నిచోట్ల సముద్రము నేలను కోసికొనుచున్నది. సాగునీరు, విద్యుత్తు మనకు కావలెను, నిజమే. అయినను దాని ధరలో కొంత భాగమును చెల్లించుచున్నది సముద్రపు ఒడ్డున ఉన్నవారు.

ఉండవల్లిలో నాలుగంతస్తుల గుహాలయమును, శయనించిన విష్ణుమూర్తి విగ్రహమును చూచినాము. కొండను పైనుండి తొలిచినారా, క్రింది నుండియా అని ఒక గంట తగవులాడినాము. తిరుగు రైలులో అందరము నిద్రపోయినాము. నా చొక్కా జేబులో పిడికెడంత ఖోండలైటు రాయి ఉన్నది. సెలవులకు ఇంటికి పోయినపుడు దానిని మా అమ్మకు చూపించితిని. ఆమె అటుఇటు త్రిప్పి చూచి, "ఇంత దూరము పోయి రాయి తెచ్చినావట్రా" అని, ఊరగాయ జాడీ వాసెనగుడ్డ మీద బరువుగా పెట్టినది.

తరువాత మావాళ్లు గుడివాడకు మారినారు. ఇల్లు, రోలు, జాడీ మా పినతండ్రిగారి అధీనములో ఉండెను. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో దివిసీమలో సుమారు పదివేల మంది ప్రాణములు పోయినవి. మా పినతండ్రిగారి కుటుంబములో ఒక్క పిల్లవాడు మిగిలినాడు. నాలుగు రోజుల తరువాత నేను పోయి చూచునప్పటికి మా వీథి ఎక్కడ ఉండెడిదో గుర్తుపట్టుట సాధ్యము కాలేదు. మట్టిగోడలన్నియు కరిగి మరల నేలయైనవి. తాడిచెట్లు పడియున్నవి. ఒకచోట బురదలో సగము కూరుకొని రోలు కనబడినది. అది మా రోలేయని అంచున ఉన్న పాత పగులును బట్టి తెలిసినది. దానిని చూచి ఇంటి స్థలమును గుర్తించి, ప్రక్క ఇండ్లవారికి కూడ వారి వారి స్థలములను అడుగులు లెక్కపెట్టి చూపించినాము.