రాగిరేకు మీద శ్రీరంగపట్నం సంధి

1791 డిసెంబరులో లండన్‌లో జేమ్స్ గిల్రే వ్యంగ్యచిత్రం ఒకటి అచ్చయింది. మైసూరు పాలకుడు టిప్పు సుల్తాన్ రాజధాని శ్రీరంగపట్నం నుంచి పరుగందుకున్న ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ లార్డ్ కార్న్‌వాలిస్ అందులో నవ్వులపాలయ్యాడు. ఆ ఏడాది మే నెలలో సైన్యానికి తిండి చాలక, ఎడ్లు చచ్చిపోయి, కోట గోడలు కూల్చే తన పెద్ద ఫిరంగులను తానే పాడుచేయించి వెనుదిరిగాడాయన. పదేళ్ల కిందట యార్క్‌టౌన్‌లో అమెరికన్లకు లొంగిపోయిన సేనానీ ఆయనే. ఏడాది రెండేళ్లు తిరిగేసరికి అదే లండన్ అచ్చుబొమ్మలు ఆయన్ను దయగల తండ్రిని చేశాయి.

1792 ఫిబ్రవరిలో కార్న్‌వాలిస్ తిరిగి వచ్చి కోటను చుట్టుముట్టడంతో టిప్పు సంధికి ఒప్పుకున్నాడు. సగం రాజ్యం, మూడు కోట్ల ముప్ఫై లక్షల రూపాయలు, అవి దక్కేదాకా పూచీగా ఇద్దరు కొడుకులు. 26న అబ్దుల్ ఖాలిక్, ముయిజుద్దీన్ ఏనుగుల మీద ఇంగ్లీషు శిబిరానికి వచ్చారు. పెద్దవాడికి పదేళ్లు, చిన్నవాడికి ఎనిమిది. తెల్లని మస్లిన్ దుస్తులు, ఎర్రని తలపాగాలు, మెడలో ముత్యాల పేటలు. టిప్పు వకీలు (రాయబారి) గులాం అలీ వాళ్లను అప్పగించాడు. కార్న్‌వాలిస్ చెరొక బంగారు గడియారం ఇచ్చాడు.

చిత్రకారులు పట్టుకున్నది ఈ ఘట్టాన్నే. రాబర్ట్ హోమ్ సైన్యం వెంట ఉన్నవాడు కాబట్టి తన తైలవర్ణ చిత్రంలో ఒక పక్కన తననూ గీసుకున్నాడు. మాథర్ బ్రౌన్ ఇండియా మొహమే చూడలేదు. అయినా ఆయన బొమ్మలను డేనియల్ ఓర్మ్ రాగిరేకుల మీద చెక్కాడు. చెక్కిన గీతల్లో సిరా నింపి, తడి కాగితం పరిచి యంత్రంలో నొక్కితే ఒక్క రేకు నుంచి వందల ప్రతులు వస్తాయి. తైలచిత్రం కొనలేనివాడి గోడకూ ఆ దృశ్యం ఎక్కింది.

ఆ వరసలో నన్ను కలవరపెట్టేది మరో బొమ్మ: పిల్లలు జనానాలో, అంటే అంతఃపురంలో, తల్లుల దగ్గర సెలవు తీసుకోవడం. ఏ ఇంగ్లీషు చిత్రకారుడూ అడుగుపెట్టని చోటు అది. ఆ కన్నీళ్లన్నీ లండన్‌లో ఊహించినవే. ముందు ఏడుపు, తర్వాత కార్న్‌వాలిస్ చేయందించడం. రెండూ పక్కపక్కన చూసినవాడికి పిల్లలను పట్టుకుపోవడం కూడా ఆదరణలాగే కనిపిస్తుంది.

నిజమైన బేరం ఆ తర్వాత ముదిరింది. కొడగును కూడా వదులుకోమనేసరికి టిప్పు మండిపడ్డాడు. సంధి తెగేలా కనిపించగానే పిల్లల వెంట వచ్చిన మైసూరు కాపలావాళ్ల ఆయుధాలు లాక్కుని, పిల్లలను శ్రీరంగపట్నానికి దూరంగా తరలించే ఏర్పాటు చేశారు. చివరికి టిప్పు దిగివచ్చాడు. మార్చి 19న ఆ పిల్లల చేతుల మీదుగానే తుది ఒప్పందం కార్న్‌వాలిస్‌కు అందింది. పూచీ అంటే ఏమిటో చెప్పే రోజులు ఇవి. ఇంగ్లండ్ ఇళ్ల గోడలకు ఎక్కువగా ఎక్కింది మాత్రం ఫిబ్రవరి 26. డబ్బు ముట్టేదాకా పిల్లలు మద్రాసులోనే ఉండి, 1794లో తండ్రిని చేరారు.

ఈ యుద్ధంలో ఒక పక్షంగా నిలిచిన కంపెనీ, మరాఠాలు, నిజాం పంచుకున్న సగం రాజ్యంలో తెలుగు సీమ కూడా ఉంది. కడప, గండికోట నిజాం వాటాకు వచ్చాయి. ఎనిమిదేళ్లకు, 1800లో, కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం వాటిని ఇంగ్లీషువాళ్లకు ధారాదత్తం చేశాడు.