లంకమల చిట్టడవి, కలివికోడి

కడప జిల్లా సిద్ధవటం, బద్వేలు వైపు లంకమల కొండల అడుగున గులకరాళ్ల నేల, ముళ్లపొదలు కనిపిస్తాయి. కలివి, రేగు, తుమ్మ పొదలు విడివిడిగా పెరుగుతాయి. పొదకూ పొదకూ నడుమ మిగిలిన ఖాళీ నేలే కలివికోడి అనే పిట్ట తిరుగాడే చోటు. చుట్టూ పొలాలు, పైన దట్టమైన అడవి ఉండడంతో ఈ చిట్టడవి ముక్క దీవిలా మిగిలిపోయింది.

జానెడుకు కాస్త మించిన పొడవు, గోధుమరంగు ఒళ్లు, రొమ్ము మీద రెండు పట్టెలు ఈ పిట్ట ఆనవాళ్లు. పగలు పొదనీడన అణిగి ఉండి, చీకటి పడ్డాక పురుగుల కోసం పరుగులు తీస్తుంది.

మద్రాసు సైన్యపు వైద్యుడు జెర్డాన్ నెల్లూరు, కడప ప్రాంతాల్లో దీన్ని గుర్తించారు. 1848లో జంతుశాస్త్రవేత్త బ్లైత్ శాస్త్రీయంగా వర్ణించారు. 1900లో అనంతపురం దగ్గర కాంప్‌బెల్ అనే ఆయనకు కనిపించాక రికార్డుల్లో దీని జాడ లేదు. అంతరించిందనే అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ ఊళ్లలో ఈ పిట్ట బొమ్మ చూపించి అడుగుతూ తిరిగితే, పిట్టలు పట్టేవాళ్లు దాన్ని పోల్చుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఒకరు రాత్రివేళ టార్చి వెలుగులో ప్రాణాలతో పట్టుకొచ్చారు. ఆ పిట్ట బతకలేదు. కానీ, కలివికోడి ఉందని రుజువైంది. ఆ ఘనతలో సగం ఆ ఊరివాళ్లదే. ఈ పిట్టను కాపాడేందుకు 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

తర్వాత ఆ పిట్ట జాడ పట్టడమే పెద్ద పనైంది. పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లవారాక అడుగుల గుర్తులు వెతికేవారు. కలివికోడికి వెనక వేలు ఉండదు, మూడు ముందువేళ్లే అచ్చుపడతాయి. 2000 తర్వాత జెగనాథన్ అనే పరిశోధకుడి బృందం దీని కూతను రికార్డు చేసింది. పొద్దుగూకిన తర్వాత కాసేపే వినిపించే రెండు స్వరాల కూత అది.

మేకలు మేయక, కట్టెలు కొట్టక ఎడం మిగలకపోతే పొదలు కమ్ముకుంటాయి. మేత, నరుకుడు మితిమీరితే నేల బోడిదవుతుంది. అందుకే కంచె వేసి ఊరుకుంటే ఈ ఆవాసం నిలవదు, మేపు ఎంతవరకో కూడా తేల్చుకోవాలి. ఇవి చాలవన్నట్టు 2005లో తెలుగుగంగ కాలువ పనులు ఈ పొదల్లోకి చొచ్చుకొచ్చాయి. వ్యవహారం న్యాయస్థానం దాకా వెళ్లాక కాలువ దారి మార్చారు.

1917లో కోలారు ప్రాంతంలో ఒక పశువైద్యుడు సేకరించిన గుడ్డు, స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో పడి ఉండగా, అది కలివికోడిదేనని 2013లో డీఎన్‌ఏ పరీక్షలో తేలింది. లంకమల పొదల్లో మాత్రం దాని గూడు ఏ పరిశోధకుడి కంటా పడలేదు.