ఇల్లమ్ము వేళ మధ్యవర్తి: ఉదయగిరి, ఆత్మకూరు సీమల పూర్వాచారము

ప్రతాపరుద్ర గజపతి యేలుబడిలోనుండిన ఉదయగిరి దుర్గము, సుమారొకటిన్నర సంవత్సరముల ముట్టడి పిమ్మట, 1514లో శ్రీకృష్ణదేవరాయల వశమైనది. అనంతరము గోల్కొండ సుల్తానులును, ఆర్కాటు నవాబులును, వారి జాగీరుదారులును, 1801 నుండి కుంపిణీవారును ఆ సీమకు ప్రభువులైరి. ఏలికలిందఱు మారినను, కొండ దిగువ పల్లెలో ఒక యిల్లు అమ్ముడుపోవునప్పుడు దాని హద్దులు చెప్పి, ధర తెగజేసి, ఉభయపక్షములకు పూచీపడువాడు మాత్రము ఆ యూరివాడే.

గ్రామకంఠములోని నివేశన స్థలములకు శిస్తు లేదు కనుక పొలమునకువలె పట్టాయును లేకుండెను. తూర్పున ఫలానావాని గోడ, పడమట రాజవీధి, ఉత్తరమున బావి దారి యనుచు కరణము చెక్కుబందీ వ్రాయగా, మునసబును ఇరుగుపొరుగువారును సాక్షులై నిలువగా, ఇరువురి నమ్మికను బడసిన యొక పెద్దమనిషి సంచకారమిప్పించి, తాంబూలముతో బేరము స్థిరపఱచెడివాడు. ఆయనకు కచేరి లేదు, బోర్డు లేదు. ఆయన మాటయే ఆయన మూలధనము. అట్టివాడు, నేటి బ్రోకరువలె, ఒక సంస్థను వీడి మఱియొక సంస్థలో చేరుట యను ప్రసక్తియే లేదు. అయినను ఆ కాలమును స్వర్ణయుగమని కీర్తింపబనిలేదు: కరణము కలము మొగ్గినవైపునకే హద్దును జరిగెడిది, అక్షరజ్ఞానము లేని వితంతువునకును, ఊరి వెలుపలి వాడలవారికిని ఆ పెద్దమనుషుల న్యాయము తఱచుగా సగము న్యాయమే.

ఆంగ్లేయుల శాసనములు పెద్దమనిషి మాటను కాగితముమీదికి దెచ్చినవి. 1872 నాటి కాంట్రాక్టు చట్టము యజమానికిని ఏజెంటుకును గల సంబంధమును నిర్వచించినది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము నూఱు రూపాయలకును అంతకు మించిన విలువకును చెందిన స్థిరాస్తి విక్రయమునకు రిజిస్టరు దస్తావేజు నావశ్యకము చేసినది. నూటికి లోబడిన యిల్లు స్వాధీనమప్పగించినంతనే అమ్ముడైనట్లే యగుటచే, మెట్టపల్లెల పూరిండ్లకు పాత పద్ధతియే చెల్లుబడియై యుండెను. క్రమముగా ధరలు పెరిగి సబ్‌రిజిస్ట్రారు కచేరి ముంగిట దస్తావేజు లేఖరి కూర్చుండెను. 1984లో ప్రభుత్వము కరణము మునసబు పదవులను రద్దుచేయగా, హద్దులెఱిగిన అధికారిక స్మృతి యొకటి ఊరినుండి తొలగిపోయెను. ఆ ఖాళీలోనికి వచ్చినవాడే నేటి బ్రోకరు.

వానకు నోచని ఈ మెట్టసీమనుండి జనులు బెంగుళూరునకును, చెన్నపట్టణమునకును బ్రతుకుతెరువుకై తరలిపోగా, తాళము వేసిన యిండ్లు మిగిలినవి. దూరముననున్న యజమాని ఊరిలోని యొకనికి తాళపుచెవులిచ్చి, కొందఱు ముక్త్యారునామాయును వ్రాసియిచ్చి, అమ్మకము నప్పగించుట వాడుకయైనది. నెల్లూరునుండి ఆత్మకూరుమీదుగా బద్వేలునకు బోవు 67వ జాతీయ రహదారి ప్రక్కన లేఅవుట్లు వెలయగా కంపెనీలును వచ్చినవి. నిన్న నొక కంపెనీ పేర ఇల్లు చూపినవాడు నేడు మఱియొక కంపెనీ బోర్డు క్రింద కూర్చుండుట వింతగాదు. పూర్వికుల కెదురుగాని ప్రశ్న ఇచ్చట బుట్టినది: మనము నమ్మినది మనిషినా, సంస్థనా?

ధర్మసందేహమును దీర్చునది యొప్పందపత్రమే. అది కంపెనీ పేరనున్నచో, ఉద్యోగి వెడలిపోయినంతమాత్రమున రద్దుకాదు. మనిషి పేరనున్నచో అధికారమాతనితోనే నిలుచును, గాని కాంట్రాక్టు చట్టము 190వ సెక్షను ప్రకారము, తాను స్వయముగ చేసెదనన్న పనిని, వృత్తి వాడుక లేక పనిస్వభావము అనుమతించిననేగాని, ఆతడు మఱియొకరి కప్పగింపజాలడు. అధికారమును ఉపసంహరించుకొను స్వాతంత్ర్యము యజమానికి కలదు. అయితే గడువు నిర్ణయింపబడియుండగా తగిన కారణము లేక త్రెంచినచో పరిహారమీయవలసివచ్చును. అంతకంటె ముఖ్యమైనది 208వ సెక్షను: ఉపసంహరణ సంగతి తెలియని కొనుగోలుదారుని పట్ల పాత ఏజెంటు చేతలు యజమానిని బంధించుచునే యుండును. కావున లిఖితపూర్వకముగ ఏజెంటునకు దెలిపి ఊరకుండక, బేరమాడుచున్న వారికిని దెలుపవలెను. పాత కంపెనీవారు ఇంతవఱకెవరెవరికి ఇల్లు చూపిరో ఆ జాబితాను వ్రాయించుకొనవలెను. లేనిచో ఒకే కొనుగోలుదారునిగూర్చి ఇరుపక్షములవారును కమీషను కోరుట సంభవము. పుచ్చుకొన్న అడ్వాన్సు ఎవరి ఖాతాలో నున్నదో, మూలదస్తావేజులును తాళపుచెవులును ఎవరి చేత నున్నవో తేల్చుకొని తిరిగి తెచ్చుకొనవలెను. ముక్త్యారునామా రిజిస్టరైయున్నచో దాని రద్దును రిజిస్టరు చేయింపవలెను.

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి (రెరా) చట్టము నమోదైన ప్రాజెక్టులలో అమ్మించు ఏజెంటునకు నమోదు తప్పనిసరి చేసినది. కాని ఉదయగిరి పాతవీధిలోని పెంకుటిల్లు ప్రాజెక్టు కాదు గనుక, దానిని మఱల అమ్ముకొను గృహస్థునకు ఆ కవచము దొరకదు. ఆతనికి రక్షణ, తాను వ్రాయించుకొన్న పత్రమునందును, తన పెట్టెలో దాచుకొన్న మూలదస్తావేజునందును గలదు. మంచి మధ్యవర్తి బోర్డు మార్చినను ఆతనిని వెంబడించుట తప్పుకాదు. పాత ఒప్పందమును తెగదెంపు చేసికొనక వెంబడించుటయే తప్పు. పెద్దమనిషి మాట కచేరితో ముడివడని కాలము గతించినది. నమ్మిక నేడును మనిషిమీదనే యుండవచ్చును, అధికారము మాత్రము కాగితముననుసరించి యుండవలెను.