మన్యపు చలిజ్వరము – గ్రామసేవకులు

పర్లాకిమిడి, గుణుపురము, రాయగడ, జయపురము ప్రాంతములలో తరతరములుగా నివసించుచున్న తెలుగువారి చరిత్ర యనగానే సంస్థానములు, దేవాలయములు, సాహిత్యపోషణము మన తలపునకు వచ్చును. ఆ కుటుంబములను అంతకాలమును వెన్నాడిన చలిజ్వరము గూడ ఆ చరిత్రలోనిదే. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేకరాష్ట్రముగా ఏర్పడువరకు ఈ ప్రాంతము మద్రాసు రాజధానిలోని గంజాము, విశాఖపట్టణము జిల్లాలలో నుండెడిది. ఉద్యోగమునకో, వర్తకమునకో మైదానమునుండి కొండపైకి పోవువారు పులికంటె జ్వరమునకే యెక్కువ వెరచెడివారు. కడుపులో బల్ల పెరిగిన పసిబిడ్డలు మన్యపు పల్లెలలో సర్వసాధారణముగా కనబడెడివారు.

ఈ జ్వరమునకు మూలము గాలియో, నీరో యని జనులు చాలకాలము నమ్మిరి. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని గుర్తించుటతో ఆ భ్రమ తొలగెను. అయినను మన్యపు దోమ తీరు వేరు. అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అను ఈ జాతి మురుగుకాలువలలో గాక, కొండవాలున మెల్లగా పారు తేటనీటి గెడ్డలలో గ్రుడ్లు పెట్టును. రాత్రివేళ మనుష్యుని రక్తమునే మిక్కిలి కోరును. అందుచేత వీధులు శుభ్రపరచినంతమాత్రమున మన్యము బాగుపడదు. పైగా అచ్చట హెచ్చుగా నుండునది మెదడునకు ప్రాకి ప్రాణము తీయగల ఫాల్సిపరమ్ జాతి క్రిమి.

పర్లాకిమిడి ఉపాధ్యాయులైన గిడుగు వేంకట రామమూర్తిగారు సవరల భాష నేర్చుకొనుటకై ఈ కొండలలో సంచరించిరి. వారి బిడ్డలకొరకు పాఠశాలలు నెలకొల్పిరి. ఆ తిరుగుటలో వారికి మన్యపు జ్వరము సోకెను. నాటికి తెలిసిన మందు క్వినైను. దానిని అధికముగా సేవించుటచే వారి వినికిడి దెబ్బతినెను. వారు వైద్యసేవకై వెళ్లినవారు కారు. అక్షరసేవకై వెళ్లి, చెవులను మూల్యముగా చెల్లించిరి. కొండవారి మేలు కోరువాడు ముందుగా కొండవారి మాట నేర్వవలెనని వారు ఆచరించి చూపిన పాఠము వైద్యమునకును వర్తించునని తరువాతి చరిత్ర నిరూపించినది.

స్వాతంత్ర్యము వచ్చునాటికి దేశములో ఏటేట సుమారు 7½ కోట్లమంది మలేరియాకు గురియగుచుండిరనియు, 8 లక్షలమంది మరణించుచుండిరనియు అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము, 1958లో నిర్మూలన కార్యక్రమము ప్రారంభమైనవి. ఇండ్ల గోడలపై డి.డి.టి. చల్లిరి, పక్షమునకొకసారి ఉద్యోగులు ఇల్లిల్లు తిరిగి జ్వరపీడితుల రక్తము సేకరించిరి. 1965 నాటికి కేసులు సుమారు లక్షకు దిగెను. పని ముగిసినదను ధీమా వచ్చెను, శ్రద్ధ తగ్గెను, దోమ డి.డి.టి.కి అలవాటుపడెను. 1976లో కేసులు 64 లక్షలకు పెరిగెను.

అప్పుడు ప్రభుత్వము గ్రామమువైపు చూచినది. 1977లో సవరించిన ప్రణాళిక ననుసరించి మందుల పంపిణీ కేంద్రములు, జ్వరచికిత్సా కేంద్రములు ఏర్పడినవి. వీనిని నడపినవారు జీతము లేని స్వచ్ఛందసేవకులు: బడిపంతులు, పంచాయతీ పెద్ద, ఊరిలో నలుగురు నమ్మిన గృహస్థు. జ్వరచికిత్సా కేంద్రమునందు జ్వరపీడితుని వ్రేలినుండి రక్తపుచుక్కను గాజుపలకపై తీసి పరీక్షకు పంపి, క్లోరోక్విన్ మాత్రలు ఇచ్చెడివారు. 2005లో గ్రామీణారోగ్య మిషన్ వచ్చినపిమ్మట ఈ భారము చాలవరకు ఆశా కార్యకర్తలపై పడినది. వారికి ముట్టునది స్వల్ప పారితోషికమే. నేడు ఆమె సంచిలోని పరీక్షాపట్టీ పావుగంటలో ఫలితము చూపును.

అయినను అసలు పని ఆ తరువాతనే మొదలగును. ఒకటి రెండు దినములలో జ్వరము దిగగానే రోగి మాత్రలు మానివేయును. వైవాక్స్ జాతి జ్వరమునకు పదునాలుగు దినములు ప్రైమాక్విన్ మ్రింగవలెను. మానినచో కాలేయములో దాగిన క్రిమి మరల లేచును. ఈ సంగతిని ఒడియాలోనో, తెలుగులోనో, కువిలోనో, సవరలోనో ఇంటిభాషలో చెప్పి ఒప్పింపగలది ఆ ఊరి మనిషియే.

2017లో ఒడిశా ప్రభుత్వము 'దమన్' అను కార్యక్రమమును చేపట్టినది. దుర్గమగ్రామములలో జ్వరము లేనివారికి సైతము రక్తపరీక్ష చేసి, క్రిమి కనబడినవారికి మందిచ్చి, దోమతెరలు పంచిరి. 2016లో ఆ రాష్ట్రమున సుమారు 4 లక్షల 40 వేలుగా నున్న కేసులు 2019లో 40 వేలకు లోబడెను. 2022లో ఇంకను తగ్గి, 2023లో మరల 40 వేలు దాటెను. 1965 తరువాతి కథ మరల నడువరాదు.

మన సంఘములు చేయదగిన పని పెద్ద వ్యయముతో కూడినది కాదు. మన ఉపాధ్యాయులు ఆశా కార్యకర్తకు బడిలో ఒక గంట కేటాయింపవచ్చును. జ్వరము వచ్చిన దినముననే రక్తపరీక్ష, మందు పూర్తిగా మ్రింగుట, ప్రతి రాత్రియు దోమతెర – ఈ మూడు మాటలను బిడ్డలకు మాతృభాషలో నేర్పినచో అవి సాయంకాలమునకు ఇల్లు చేరును. మన్యములో నివసించు తెలుగువానికిని, అతని పొరుగువాడైన సవరకును, కొండదొరకును కరచు దోమ యొక్కటే. కావున వారందరి రక్షణయు ఒక్కటిగా సాగవలెను.