గాయాలకు కట్టు, ఇంటి వద్ద వైద్యం: యర్రగొండపాలెం ప్రాంతంలో వైద్యుని పర్యవేక్షణ - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

గాయానికి కట్టు కట్టేవారు ఒకరు, ఆ చికిత్సకు బాధ్యత వహించే వైద్యుడు మరొకరు. ఈ ఇద్దరి మధ్య ఉండవలసిన సంబంధాన్నే పర్యవేక్షణ అంటున్నాం. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి 2023 నాటి ఫ్యామిలీ డాక్టర్ పథకం వరకు ఆ సంబంధం ఎలా మారిందో పశ్చిమ ప్రకాశం, ప్రత్యేకించి యర్రగొండపాలెం నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. వైద్యుడన్న పేరును, వైద్యుని సంతకాన్ని కాపాడడంలో చట్టం చూపిన శ్రద్ధ, కట్టు కట్టే చేతిని గమనించే ఏర్పాటుపై చూపలేదన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: గ్రామీణ వైద్యం, ఆర్‌ఎంపీ, లైసెన్సియేట్లు, పర్యవేక్షణ, నల్లమల, ఫ్యామిలీ డాక్టర్

ప్రవేశిక

నల్లమల అంచున ఉన్న యర్రగొండపాలెం, దోర్నాల, పుల్లలచెరువు మండలాలలో గాయం అరుదైన సంగతి కాదు. అడవిలో వెదురు, కట్టె నరికే గొడ్డలి దెబ్బ, మార్కాపురం పలకల గనులలో రాతి కోత, పొలంలో పాముకాటు, ముల్లు గుచ్చుకుని చీము పట్టిన పాదం ఇక్కడి నిత్యానుభవాలు. వీటికి ఇటీవలి దశాబ్దాలలో మధుమేహ రోగుల కాలిపుండ్లు తోడయ్యాయి. తాజా గాయానికి గడ్డిచేమంతి ఆకు పసరు పిండడం పల్లెల్లో పాత అలవాటు. కురుపు కోయడం, కట్టు కట్టడం మంగలి వృత్తిలో భాగంగా తరతరాలు సాగింది. పురుడు పోసే మంత్రసాని సైతం అనేక గ్రామాలలో ఆ కుటుంబాల స్త్రీయే. ఈ చికిత్సలన్నీ ఇంటి గడపలోనే జరిగేవి. చేసినవారి చేతివాసిని ఊరే చూసేది, ఊరే తీర్పు చెప్పేది. అంతకుమించిన పర్యవేక్షణ ఉండాలన్న భావన పాశ్చాత్య వైద్యంతో వచ్చింది.

కొండకు ఆవలి పర్యవేక్షకుడు

మద్రాసు సైన్యంలో సర్జన్ల కింద స్థానికులైన 'డ్రెస్సర్లు' పనిచేసేవారు. గాయం కడగడం, మందు పూయడం, కట్టు మార్చడం వారి విధి. సర్జన్ పక్కనే ఉండి చూసేవాడు కనుక చేయి ఒకరిది, కన్ను మరొకరిది అయినా రెండూ ఒకే గదిలో ఉండేవి. 1835లో మద్రాసులో వైద్య పాఠశాల ఏర్పడినప్పుడు దాని తొలి లక్ష్యం ఇటువంటి సహాయక సిబ్బందికి శిక్షణ ఇవ్వడమే. తరువాతి కాలంలో వీరి వారసులే హాస్పిటల్ అసిస్టెంట్లుగా, సబ్-అసిస్టెంట్ సర్జన్లుగా తాలూకా డిస్పెన్సరీలకు వెళ్లారు. జిల్లా కేంద్రంలోని వైద్యాధికారి వారిపై పర్యవేక్షకుడు.

ఇక్కడే భౌగోళిక స్థితి ప్రధానమవుతుంది. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పటి నుంచి 1970 వరకు మార్కాపురం ప్రాంతం ఆ జిల్లాలోదే. యర్రగొండపాలెం మార్కాపురం తాలూకాలోని ఊరు. కంభం, మార్కాపురం తాలూకాలు నల్లమలకు తూర్పున ఉండగా జిల్లా కేంద్రం పడమట ఉంది. గుంటూరు-గుంతకల్లు రైలుమార్గం 19వ శతాబ్ది చివర మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా వచ్చినా యర్రగొండపాలెం దానికి దూరంగానే మిగిలింది. పర్యవేక్షించవలసిన అధికారి కొండకు ఆవలివైపున ఉండగా, డిస్పెన్సరీలో కట్టు కట్టే కాంపౌండరును చూసే కన్ను ఆచరణలో తాలూకా స్థాయితోనే ఆగిపోవడం సహజం. 1970 ఫిబ్రవరి 2న కర్నూలు, నెల్లూరు, గుంటూరు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లా ఏర్పడింది. 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. కొండ అడ్డు తొలగింది గాని దూరం తొలగలేదు. జిల్లా కేంద్రం అప్పుడు తీరం వైపుకు మారింది, అంతే.

1914 నాటి మద్రాసు వైద్య నమోదు చట్టాన్ని ఈ సందర్భంలో జాగ్రత్తగా చదవవలసి ఉంది. ఆ చట్టం అర్హులైన వైద్యుల పట్టికను ఏర్పరచింది. పట్టికలో లేనివారు చట్టబద్ధమైన వైద్య ధ్రువపత్రం ఇవ్వరాదు, ప్రభుత్వ వైద్య పదవులు పొందరాదు. వైద్యం చేయడాన్ని మాత్రం అది నిషేధించలేదు. 1916 నాటి భారతీయ వైద్య పట్టాల చట్టం అనధికారికంగా పాశ్చాత్య వైద్య పట్టాలు ఇవ్వడాన్ని, వాటిని పేరు పక్కన వాడుకోవడాన్ని అడ్డుకుంది. రెండు చట్టాలూ పేరును, సంతకాన్ని కాపాడాయి. పుండు కడిగే చేయి వాటి పరిధిలోకి రాలేదు.

లైసెన్సియేట్లు పోయిన తరువాత

పల్లెకు వైద్యుడిని పంపే గట్టి ప్రయత్నం మద్రాసు ప్రభుత్వం 1920ల మధ్యలో చేసింది. ప్రభుత్వ భృతి తీసుకుని గ్రామంలో స్థిరపడే వైద్యుడు పేదలకు ఉచితంగా చికిత్స చేయాలి. స్తోమత గలవారి నుంచి రుసుము తీసుకోవచ్చు. ఈ పథకానికి ప్రధానంగా ఆధారమైనవారు ఎల్‌ఎంపీలు, అంటే పట్టా కాక లైసెన్సు పొందిన వైద్యులు. తెలుగునాట పాత తరం వారికి 'ఎల్‌ఎంపీ డాక్టరుగారు' అన్న పిలుపు సుపరిచితం.

1946లో వెలువడిన భోర్ కమిటీ నివేదిక ప్రకారం దేశంలో 17,654 మంది పట్టభద్ర వైద్యులు, 29,870 మంది లైసెన్సియేట్లు ఉన్నారు. అంటే ప్రతి ఐదుగురిలో ముగ్గురికి పైగా లైసెన్సియేట్లే. అయినా ఇకపై ఒకే స్థాయి వైద్యుడు, ఐదున్నరేళ్ల పూర్తి శిక్షణ పొందిన 'ప్రాథమిక వైద్యుడు' మాత్రమే ఉండాలని కమిటీ మెజారిటీ నిర్ణయించింది. వైద్యుల కొరత దృష్ట్యా లైసెన్సియేట్ శిక్షణను కొనసాగించాలని కొందరు సభ్యులు భిన్నాభిప్రాయం తెలిపారు. వారి మాట నెగ్గలేదు. ఆదర్శం ఉన్నతమైనదే. కాని గుంటూరులో 1946లో, కర్నూలులో 1957లో వైద్య కళాశాలలు వచ్చినా వాటి పట్టభద్రులు నల్లమల అంచు పల్లెలలో కాపురం పెట్టలేదు. ఎల్‌ఎంపీ ఖాళీ చేసిన కుర్చీ ఎంతోకాలం ఖాళీగా ఉండలేదు. పట్టణంలో ఏదో ఒక వైద్యుని దగ్గర కాంపౌండరుగా కొన్నేళ్లు పనిచేసి, సూది వేయడం, సెలైన్ ఎక్కించడం, కట్టు కట్టడం నేర్చుకున్న వ్యక్తి సొంత ఊరికి తిరిగివచ్చి అందులో కూర్చున్నాడు. డ్రెస్సర్‌కు, ఇతనికి పనిలో పెద్ద తేడా లేదు. తేడా అంతా పక్కన సర్జన్ లేకపోవడంలోనే ఉంది.

'ఆర్‌ఎంపీ' అనే మాట

అతనికి జనం పెట్టిన పేరు ఆర్‌ఎంపీ. చట్టభాషలో ఈ మూడక్షరాలకు 'రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్', అంటే నమోదైన వైద్యుడు అని అర్థం. మందుల నియమావళి మొదలుకొని 2020 మార్చి 25న కేంద్రం జారీచేసిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల వరకు అంతటా ఇదే అర్థం. తెలుగు వాడుకలో మాత్రం ఆర్‌ఎంపీ అంటే పట్టా లేని పల్లె వైద్యుడు. ఒక భాషాసముదాయం చట్టపదాన్ని తీసుకుని దాని అర్థాన్ని సరిగ్గా తలకిందులు చేసిన అరుదైన ఉదాహరణగా దీన్ని పరిశీలించవచ్చు. కొందరు దీన్ని 'రూరల్ మెడికల్ ప్రాక్టీషనర్' అని విడదీసి సరిపెడతారు. సమాజం ఇతడిని 'డాక్టరు' అనే పిలిచింది, నమ్మింది, అప్పుపై వైద్యం చేయించుకుంది. రాత్రివేళ తలుపు తడితే పలికేది అతనే.

ఈ నమ్మకాన్ని తేలికగా కొట్టిపారేయడం చరిత్రకారునికి తగదు. దాని మూల్యాన్ని దాచడమూ తగదు. మధుమేహ రోగి పాదానికి స్పర్శ తగ్గితే పుండు లోతుకు పోతున్నా నొప్పి తెలియదు. పైన కట్టు శుభ్రంగా ఉన్నా లోపల ఎముకకు చీము పట్టవచ్చు, రక్తప్రసరణ ఆగి అంచులు నల్లబడవచ్చు. రోజూ ఓర్పుగా కట్టు మార్చడం ఒక నైపుణ్యం. ఇక కట్టు చాలదని, కుళ్లిన కండను తొలగించాలని, చక్కెరను అదుపు చేసే మందు మార్చాలని నిర్ణయించడం వేరొక నైపుణ్యం. మొదటిది చేతిది, రెండవది వైద్యునిది. రెండవది అందనిచోట యాంటీబయాటిక్ సూదిమందులు, తాత్కాలికంగా వాపును, జ్వరాన్ని తగ్గించి అసలు రోగలక్షణాన్ని కప్పిపుచ్చే స్టీరాయిడ్లు ఆ ఖాళీని నింపాయి. రోగి మార్కాపురమో ఒంగోలో చేరేసరికి ప్రశ్న పుండు గురించి కాక కాలు ఎక్కడిదాకా తీయాలన్నదిగా మారుతుంది.

నిషేధమా, శిక్షణా?

స్వాతంత్ర్యానంతర చట్టం నిషేధం వైపు నడిచింది. 1956 నాటి భారతీయ వైద్య మండలి చట్టానికి 1964లో చేసిన సవరణ నమోదు కానివారు ఆధునిక వైద్యం చేయరాదని చెప్పి, ఏడాది వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా విధించింది. ఒక వైద్యపద్ధతిలో అర్హత ఉన్న వ్యక్తి అయినా తనకు శిక్షణ లేని మరొక పద్ధతిలో వైద్యం చేస్తే అతడు నకిలీ వైద్యుడే అవుతాడని 1996లో పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ 2002లో ప్రైవేటు వైద్యసంస్థల నమోదు చట్టం తెచ్చింది. ఇది ఆసుపత్రి, క్లినిక్ వంటి స్థిరమైన చోటును దృష్టిలో పెట్టుకున్న చట్టం. సంచి తగిలించుకుని మోటారుసైకిలుపై ఇంటింటికీ తిరిగే కట్టు మనిషికి బోర్డు లేదు, గది లేదు.

రెండవ దారి శిక్షణ. 1977లో కేంద్రం ప్రారంభించిన సామాజిక ఆరోగ్య కార్యకర్తల పథకం వెయ్యి జనాభాకు ఒకరిని ఎంపికచేసి మూడు నెలల శిక్షణ ఇచ్చింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వకాలంలో ఆర్‌ఎంపీలకు శిక్షణ ఇచ్చి 'కమ్యూనిటీ పారామెడిక్' ధ్రువపత్రం ఇచ్చే ప్రయత్నం జరిగింది. డాక్టరన్న పేరు వదులుకోవాలి, ప్రథమ చికిత్సకు పరిమితం కావాలి అన్నది దానిలోని ఒప్పందం. నకిలీలకు ముద్ర వేస్తున్నారని వైద్యసంఘాలు వ్యతిరేకించాయి. ఆ భయం నిరాధారం కాదు. పశ్చిమబెంగాల్‌లో ఇటువంటివారికి తొమ్మిది నెలల శిక్షణ ఇచ్చి జరిపిన అధ్యయనం 2016లో 'సైన్స్' పత్రికలో వెలువడింది. శిక్షణవల్ల రోగాన్ని సరిగా గుర్తించి తగిన చికిత్స చేయడం మెరుగుపడింది. అనవసరపు మందులు వాడే అలవాటు మాత్రం తగ్గలేదు. చేతికి నేర్పవచ్చు గాని, చూసే కన్ను లేకపోతే అలవాటు మారదని దీన్నిబట్టి ఊహించవచ్చు. ఏమైనా శిక్షణ పక్షమూ నిషేధ పక్షమూ పర్యవేక్షణను చర్చకు కేంద్రం చేయలేదు.

ఆ మాటను చట్టంలోకి నేరుగా తెచ్చినది 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం. దాని 34వ సెక్షన్ అనధికార వైద్యానికి జరిమానాను ఐదు లక్షల రూపాయల వరకు పెంచింది. 32వ సెక్షన్ 'సామాజిక ఆరోగ్య ప్రదాత' అనే పరిమిత లైసెన్సును ఊహించింది. అతడు ప్రాథమిక, నివారణ వైద్యంలో మాత్రమే నిర్దిష్ట మందులు స్వయంగా రాయవచ్చు. మిగతా సందర్భాలలో నమోదైన వైద్యుని పర్యవేక్షణలోనే రాయాలి. 1946లో మూసిన తలుపును ఇది కొద్దిగా తెరిచింది. అయితే ఆ పర్యవేక్షణ ఎంత దూరం నుంచి, ఎన్నాళ్లకొకసారి, ఏ నమోదుతో జరగాలో ఆ సెక్షన్ చెప్పదు.

ఈ విషయంలో అమెరికా మెడికేర్ నియమాలు పోలికకు పనికివస్తాయి. అక్కడ ఇంటి వద్ద నర్సు సేవలు అందించే సంస్థ బిల్లు చెల్లుబాటు కావాలంటే వైద్యుడు రోగి అవసరాన్ని ధ్రువీకరించాలి. చికిత్సా ప్రణాళికను కనీసం 60 రోజులకొకసారి సమీక్షించాలి. సేవ మొదలుకావడానికి ముందు 90 రోజులలోనో, తరువాత 30 రోజులలోనో రోగిని ముఖాముఖి చూసి ఉండాలి. 2020 నుంచి నర్స్ ప్రాక్టీషనర్లకూ ఈ ధ్రువీకరణాధికారం దక్కింది. ఇదంతా ప్రధానంగా చెల్లింపు నియమం. డబ్బు కట్టే ప్రభుత్వం తేదీలు అడుగుతుంది. యర్రగొండపాలెంలో కట్టుకు డబ్బు రోగే చేతికిస్తాడు కనుక తేదీలు అడిగేవారు లేరు.

ఇంటి గడపలో

2018లో ఆయుష్మాన్ భారత్ కింద ఉపకేంద్రాలను బలపరచే పని మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో వీటికి విలేజ్ క్లినిక్‌లని పేరు. 10,032 క్లినిక్‌లను ప్రభుత్వం ప్రకటించింది. బీఎస్సీ నర్సింగ్ చదివి, సామాజిక ఆరోగ్యంలో సర్టిఫికెట్ కోర్సు చేసిన 'మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్' ఇక్కడ ముఖ్యురాలు. ఆమె వెంట ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలు ఉంటారు. 2019 నవంబరులో ఈ-సంజీవని ద్వారా క్లినిక్ నుంచి దూరాన ఉన్న వైద్యుని తెరపై సంప్రదించే విధానం ఈ రాష్ట్రంలోనే ముందుగా అమలైంది. మందు మోతాదు అడగడానికి అది చక్కగా పనికివస్తుంది. గాయం విషయంలో తెర సగమే చూపుతుంది. పుండు వాసన, చుట్టూ చర్మం వేడి, వేలితో నొక్కితే తెలిసే మెత్తదనం అందులో కనిపించవు. నల్లమల లోపలి పాలుట్ల వంటి చెంచు గూడేల విషయానికి వస్తే సిగ్నల్ అన్నది వేరే ప్రశ్న.

2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ప్రారంభమైన ఫ్యామిలీ డాక్టర్ పథకం వైద్యుడిని మళ్లీ ఊరికి నడిపించింది. ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలోని ఇద్దరు వైద్యులలో ఒకరు 104 వాహనంతో బయలుదేరి ఒక్కో గ్రామానికి నెలకు రెండుసార్లు వెళ్లాలి. ఉదయం రోగులను చూసి, తరువాత మంచం పట్టినవారి ఇళ్లకు వెళ్లాలి. డ్రెస్సర్ పక్కన సర్జన్ నిలబడిన కాలం తరువాత చేయి, కన్ను ఒకే గదిలో కలుసుకునే ఏర్పాటు ఇంటి గడప దాకా రావడం ఇదే మొదలని చెప్పవచ్చు.

చీము పట్టిన కాలిపుండుకు రోజు విడిచి రోజు కట్టు మార్చాలంటే నెలకు 15 కట్లు. అనుకున్న రోజునే వాహనం వచ్చినా వైద్యుడు చూడగలిగేవి రెండు. మిగిలిన 13 కట్లు విలేజ్ క్లినిక్ నర్సు చేతి మీదుగా సాగాలి. క్లినిక్ దాకా నడవలేని రోగికైతే అవి ఈనాటికీ ఆర్‌ఎంపీ సంచిలోని దూది, కట్టుగుడ్డలతోనే సాగుతాయి.